జూన్ నుంచి నాకు తెలుసు

2006లో నా గది సికింద్రాబాద్‌లో, మెట్టుగూడ మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపు పైన ఉండేది. కింద మందులు అమ్మేవారు, పైన నేను మందులు రాయని వైద్యం చేసేవాణ్ని. సైకోథెరపీ అంటే మాటలతో చేసే చికిత్స. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగేకొద్దీ నా దగ్గరికి వచ్చే దంపతులూ పెరిగారు. శనివారాలు ఊపిరాడేది కాదు.

ఒక్కరితో మాట్లాడితే ఇండివిడ్యువల్ థెరపీ, భార్యాభర్తలను కలిపి కూర్చోబెడితే కపుల్ థెరపీ, ఇంట్లో పెద్దవాళ్లను కూడా పిలిస్తే ఫ్యామిలీ థెరపీ. నేను ఈ మూడూ కలిపి చేసేవాణ్ని. దంపతులు వస్తే మొదట ఇద్దరితో, తర్వాత ఒక్కొక్కరితో విడిగా, మళ్లీ ఇద్దరితో. విడిగా చెప్పింది నా దగ్గరే ఉంటుందని మాట ఇచ్చేవాణ్ని. ఆ మాట లేకపోతే మనుషులు నోరు విప్పరని నా నమ్మకం.

ఆ వేసవిలో స్వరూప, రవికుమార్ వచ్చారు. పేర్లు మార్చాను. స్వరూపది లాలాగూడ. తండ్రి నర్సింగరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె రైల్వే ఆఫీసులో క్లర్కు. రవికుమార్ విజయనగరం నుంచి కంప్యూటర్ కోర్సు చేయడానికి వచ్చి వాళ్ల వీధిలోనే గది తీసుకున్నాడు. ప్రేమ పెళ్లి. ఏడేళ్లయింది, పిల్లలు లేరు. ఆమె పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే, అతను మధ్యాహ్నం షిఫ్టుకు హైటెక్ సిటీకి బయల్దేరి ఆమె నిద్రపోయాక వచ్చేవాడు.

“ఫ్రిజ్ మీద చీటీలు పెట్టుకుంటం సార్,” అంది స్వరూప. “గ్యాస్ బుక్ చెయ్యి, కరెంటు బిల్లు కట్టు. గంతే మా సంసారం.”

“నా చీటీల్లో తప్పులు దిద్ది మళ్లీ అక్కడే పెడతాదండి,” అన్నాడు రవికుమార్.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూసి ఈ కేసు సులువే అనుకున్నాను.

జూన్‌లో అతనితో విడిగా కూర్చున్నాను. కుర్చీలో సర్దుకోకముందే చెప్పేశాడు.

“నేను డిసైడ్ అయిపోయానండి. విడిపోదామనుకుంటన్నాను. ఇంకో అమ్మాయి గట్రా ఏం లేదండి. ఇంటికెళ్తే ఎవరింటికో వెళ్లినట్టుంటంది. ఆవిడికి ఎలా చెప్పాలో తెలీట్లేదు.”

“మరి ఇక్కడికి ఎందుకు వచ్చారు?”

“ఆవిడ రమ్మందండి. మీరయితే ఆవిడిని మెల్లగా ఈ మాటకి అలవాటు చేస్తారని... మీదీ మా జిల్లాయే కదండీ. మీకు తెలీదేటి.”

నాదీ విజయనగరమే. ఆ మాటకు కొంచెం మెత్తబడ్డాను. అంతకంటే పెద్ద కారణం నా గర్వం. నా గదిలోంచి దంపతులు విడిపోయి వెళ్లరని అప్పట్లో నాకు పేరుండేది. ఇతని మనసు కూడా మార్చగలననుకున్నాను. “కొంచెం టైమ్ ఇవ్వండి, ఇప్పుడే చెప్పకండి,” అన్నాను. తర్వాత మరో రెండుసార్లు విడిగా కలిసినప్పుడు కూడా అతను అదే అడిగాడు, నేను అదే చెప్పాను.

వానాకాలమంతా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. రోజూ ఇరవై నిమిషాలు టీవీ కట్టేసి మాట్లాడుకోమని హోమ్‌వర్క్ ఇచ్చాను. అతను షిఫ్టు నుంచి వచ్చే వేళకు స్వరూప తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచేది. ఏం మాట్లాడుకున్నారో నోటుబుక్కులో రాసుకొచ్చి చదివేది. అతను తల ఊపేవాడు. నాకు తెలిసిన విషయం ఆమెకు తెలియకుండా, ఆ నోటుబుక్కు చూసి “చాలా బాగుంది” అనేవాణ్ని.

సెప్టెంబరులో ఆమెకు ప్రమోషన్ వచ్చింది. పోస్టింగ్ గుంతకల్లు. వద్దంటే రాసివ్వాలి. అలా రాసిస్తే ఏడాది దాకా మళ్లీ ఇవ్వరు, ఈలోగా జూనియర్లు దాటిపోతారు. ఏం చేయాలో తేల్చుకోవడానికి తండ్రిని కూడా తీసుకొచ్చింది.

నర్సింగరావు గది అంతా ఒకసారి చూశాడు. “డాక్టర్ సాబ్, మా దిక్కు గిసుంటి లొల్లి వస్తే నలుగురు పెద్దమనుషుల్ని కూసోబెడ్తం. ఎవని మనసుల ఏమున్నదో అందరి ముంగట చెప్పాలె. మీ తాన ఒక్కొక్కల్ని లోపటికి పిలుస్తరంట గద. ఇంటర్వ్యూ లెక్క.”

నేను నవ్వి, నలుగురి ముందు అడిగితే మనుషులు సిగ్గుపడి అబద్ధం చెబుతారని వివరించాను.

ఆయన అల్లుడి వైపు తిరిగాడు. “బిడ్డా, పిల్ల గుంతకల్లు పోవాల్నా, నీ కోసం ఉండాల్నా? నీ దిల్‌ల ఏమున్నదో సాఫ్ చెప్పు. నేనేమనుకోను.”

రవికుమార్ నా వైపు చూశాడు. నోరు తెరిచాడు కూడా. చెప్పేవాడే అనుకుంటున్నాను.

“ఆయన్ని అలా నిలదీయకండి,” అన్నాను. “ఇక్కడ ఒత్తిడి పనికిరాదు.”

స్వరూప నన్ను అడిగింది. “మీరు చెప్పుండ్రి సార్. ఏం చెయ్యమంటరు?”

“మాటలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. ఈ దశలో దూరం మంచిది కాదు,” అన్నాను.

ఆమె ప్రమోషన్ వద్దని రాసిచ్చింది. నవంబరులో రవికుమార్ సామాన్లు సర్దుకుని మాదాపూర్‌లో వేరే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ వారమే స్వరూప ఒంటరిగా వచ్చింది.

“మీకు ముందే చెప్పినని అన్నడు సార్. ఎప్పుడు చెప్పిండు?”

“జూన్‌లో. జూన్ నుంచి నాకు తెలుసు.”

ఆమె ఏడవలేదు. “ప్రమోషన్ వద్దని కాగితం ఇచ్చేటప్పుడు ఆఫీసుల మా మేడం రెండుసార్లు అడిగింది, మంచిగ సోంచాయించుకున్నవా అని. మా డాక్టర్ సార్ చెప్పిండు అని నేనన్న.”

క్షమించమన్నాను. విడిగా చెప్పింది బయట పెట్టకూడదనే నియమం గురించి ఏదో మొదలుపెట్టాను.

“ఆయన ముచ్చట నాకు చెప్పమంటలేను సార్. ఆయన మాట ఆయనదే. మీరు నన్ను ఉండుమని ఎందుకన్నరు?”

ఆమె లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు.

దాచడం నా వృత్తిలో తప్పదు, కానీ నేను దాచడంతో ఆగలేదు. దాచినదాని మీద నిలబడి సలహా ఇచ్చాను. జూన్‌లోనే రవికుమార్‌తో, “రెండు వారాల్లో మీరే ఆమెకు చెప్పండి, చెప్పేటప్పుడు నేను పక్కన ఉంటాను. చెప్పకపోతే మీ ఇద్దరినీ కలిపి చూడను,” అనాల్సింది. నా వల్ల రహస్యం బయటపడేది కాదు, ఆమె మోసపోయేదీ కాదు. అతనికీ నేను న్యాయం చేయలేదు. ఎలా చెప్పాలో నేర్పమని వచ్చిన మనిషికి అయిదు నెలలు చెప్పకుండా ఉండడం నేర్పాను.

ఇప్పుడు మొదటి రోజే ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక మాట చెబుతాను: విడిగా మీరు చెప్పే విషయం మీద అవతలివారి నిర్ణయం ఆధారపడి ఉంటే, అది వాళ్లకు మీరే చెప్పాలి, చెప్పేదాకా నేను ముందుకు సాగను. ఇది విని రెండోసారి రానివాళ్లున్నారు. వాళ్లకు ఫోన్ చేయను. విడిపోయి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ పాత పేరు ఇప్పుడు నాకు లేదు.

స్వరూప తర్వాత గుంతకల్లు వెళ్లిందని, అక్కడ తనకంటే జూనియరైన ఒకాయన కింద పని చేసిందని చాలా కాలానికి నర్సింగరావు కనిపించి చెప్పాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆమె రాసిచ్చిన కాగితం మీద సంతకం ఆమెదే. ఆ నిర్ణయం మాత్రం నాది.