అమావాస్య సీట్లు

నా భర్త సర్కారు విమానాల కంపెనీలో లోడరు. బేగంపేటలో విమానాలు దిగిన రోజుల నుంచీ విమానం పొట్టలో పెట్టెలు సర్దడమే ఆయన పని. ఇంటివాళ్ళకు ఉచిత పాసు ఉండేది. కానీ టికెట్లు కొన్నవాళ్ళంతా ఎక్కాక సీట్లు మిగిలితేనే మాకు. మిగిలినా ముందు ఆఫీసర్ల కుటుంబాలకు, చివరికి లోడర్లకు.

"ఒక్కసారన్న ఇద్దరం పక్కపక్కన కూసొని విశాఖపట్నం పోవాలె. సముద్రాన్ని పైకెల్లి సూడాలె" అనేవాడు. అంతకుమించి ఆయన ఏదీ కోరినట్టు నాకు గుర్తు లేదు.

అమావాస్య నాడు జనం ప్రయాణాలు పెట్టుకోరు కాబట్టి సీట్లు మిగులుతాయని ఆయన ఆలోచన. అందుకే మేముండే బోయిగూడలో ఎవరికీ చెప్పకుండా, పులిహోర కట్టుకుని, అమావాస్య రోజే బయలుదేరేవాళ్ళం. తీరా వెళ్తే స్టాఫ్ కుటుంబాలన్నీ అదే ఆలోచనతో, అవే పులిహోర డబ్బాలతో కూర్చుని ఉండేవి.

"ఏం వదినా, మీ ఇంట్ల సుత క్యాలెండరున్నదా?" అని ఇంకో లోడరు భార్య నవ్వేది.

విమానం వెళ్ళిపోయాక ఆ పులిహోర అక్కడే తిని, బస్సెక్కి ఇంటికొచ్చేవాళ్ళం.

ఒక అమావాస్యకు ఒక్క సీటు మిగిలింది.

"కాకా, ఒకటే ఉన్నది. జల్ది చెప్పు" అన్నాడు కౌంటరులో ఉన్నాయన.

"నువ్వు పోయే. నేను మల్లెప్పుడన్న పోత" అన్నాడు నా భర్త.

"నాకు బోర్డు సదవరాదు. ఆడ దిగి ఎటు పోవాలె?"

"అందరు ఎటు పోతే అటు పో."

"నువ్వు సూడాలన్న సముద్రాన్ని నేనొక్కదాన్నే సూసి ఏం జేసుకుంట?"

ఆ సీటులో ఇంకెవరో వెళ్ళారు. ఆ తర్వాతే బస్తీలో చర్చివాళ్ళ సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు దిద్దాను.

కంపెనీ మాత్రం ఏడాదికేడాది చిక్కిపోయింది. విమానాశ్రయం శంషాబాదుకు తరలింది. ఆయన రిటైరయ్యాడు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. కంపెనీని అమ్మేశారని టీవీలో చెప్పిన రోజు మంచం మీదున్నాడు.

"ఎవలు కొంటేంది? అమావాస్య ఎన్నడో సూడు" అన్నాడు.

ఆ అమావాస్య రాకముందే పోయాడు.

కిందటేడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న నా బిడ్డ రమ్మని టికెట్ కొన్నది. చూస్తే ఆ రోజు అమావాస్యే. మార్చమని అడగలేదు. విమానానికి రంగు మార్చారు, కంపెనీ మాత్రం అదే. బోర్డులు చదువుకుంటూ వెళ్ళి, కిటికీ పక్కన నా సీటు వెతుక్కుని కూర్చున్నాను. కాళ్ళ కింద పెట్టెలు పడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి కింద ఆ పెట్టెల అర తలుపు మూశారు. ఆ తలుపు మూసిన ప్రతిసారీ విమానాన్ని అరచేత్తో తట్టి పంపేవాణ్ణని ఆయన చెప్పేవాడు. చెవి పెట్టి విన్నాను. ఎవరూ తట్టలేదు.

"అమ్మా, పక్క సీటు ఖాళీయే, బ్యాగు అక్కడ పెట్టుకోండి" అన్నది విమానంలో పనిచేసే అమ్మాయి.

నేను బ్యాగును కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను.