మొగిలి ఒంటి మీది తెల్ల పొడి

ఇంక్లైన్ కాలనీలో మొగిలి స్నానానికి దిగాడంటే నాలుగు క్వార్టర్లకు తెలిసిపోయేది. ముందు పెరట్లోంచి పొగ లేచేది. కాగు నిండా నీళ్లు కుతకుతలాడేవి. ఆ తర్వాత కొబ్బరి పీచు చప్పుడు, రంపంతో మొద్దు కోస్తున్నట్టు. చివరికి మొగిలి బయటికి వచ్చేవాడు, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఒళ్లంతా ఆవిరి కక్కుతూ.

అతని భార్య సారవ్వకు ఈ స్నానంతో ఒక పాత తగాదా ఉంది. ఇంట్లో బట్టల సబ్బు నిలవదు. ఒంటి సబ్బు ఆఫీసుల్లో ఫ్యాను కింద కూర్చునేవాళ్లకనీ, బొగ్గు బాయిలో దిగినవాడికి బట్టల సబ్బే సరైనదనీ మొగిలి సిద్ధాంతం. నీ ఒంటిని బండకేసి ఉతికి దండెం మీద ఆరేస్తే ఇంకా తెల్లగా వస్తావు కదా అని సారవ్వ అనేది. ఆ సలహా గురించి మొగిలి నిజంగానే కాసేపు ఆలోచించేవాడు.

అతని భయం వేరు. గనిలో బొగ్గు ధూళికి మంటలంటుకోకుండా గోడల మీదా కప్పు మీదా సున్నపురాయి పొడి చల్లుతారు. దాన్ని స్టోన్ డస్ట్ అంటారు. మొగిలి డ్యూటీ అదే. భూమి కడుపులోని చీకటికి వెల్లవేసే పని. షిఫ్టు దిగినప్పుడు అందరూ నల్లగా పైకి వస్తే, అతనొక్కడే మబ్బు పట్టిన వేకువలా బూడిద రంగులో వచ్చేవాడు.

"మొగిలన్నా, మేము బాయిలకెళ్లి వస్తున్నం. నువ్వు పిండిగిర్నిలకెళ్లి వస్తున్నవా?" అనేవాడు తోటి కార్మికుడు ఎల్లేశం.

మొగిలి నవ్వేవాడు కానీ ఆ మాట అతని లోపల ఎక్కడో కూర్చునేది. ఎందుకంటే, ఎంత తోమినా ఆ పొడి పోయేది కాదు. పిక్క మీద గోటితో గీస్తే పలక మీద బలపం గీసినట్టు తెల్లటి గీత పడేది. చలికాలం వస్తే మరీనూ. మోకాళ్ల కింద చేప పొలుసుల్లా లేచేది. దుప్పటి దులిపితే తెల్లగా రాలేది. దురద పుడితే దర్వాజకు వీపు ఆనించి, కట్టుకొయ్యకు ఒళ్లు రుద్దుకునే బర్రెలా కళ్లు మూసుకుని ఊగేవాడు. ఇన్నేళ్ల స్టోన్ డస్ట్ ఒంట్లోకి దిగి ఇప్పుడు బయటికి ఊరుతోందని నిశ్చయించుకున్నాడు. అందుకే నీళ్లు ఇంకొంచెం వేడి, సబ్బు ఇంకొంచెం ఎక్కువ, పీచు ఇంకొంచెం గట్టిగా.

ఆ చలికాలంలోనే కూతురు జమున కాన్పుకు మందమర్రి నుంచి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మొగిలి లీవు పెట్టాడు. కాలనీ అంతా వచ్చి పిల్లను ఎత్తుకుని ముద్దులాడి పోయింది. తాత మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేవాడు, తనిఖీకి వచ్చిన ఆఫీసరులా చేతులు వెనక్కి కట్టుకుని. అక్కడి నుంచే నాలుకతో టకటకమని చప్పుళ్లు చేసేవాడు. పిల్ల నిద్రలో పెదవి విచ్చి నవ్వితే ఇతని మొహం వెలిగేది. ఎవరైనా పిల్లను అందించబోతే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా మాయమయ్యేవాడు.

ఆ లేత ఊపిరిలోకి తన పొడి పోతుందని అతని భయం. దుమ్ము ఊపిరికి ఏం చేస్తుందో బాయిలో పనిచేసేవాడికి ఒకరు చెప్పాలా? ఆ సంగతి బయటికి అందామంటే సిగ్గు. కాలనీలో అందరికన్నా ఎక్కువసేపు స్నానం చేసే మనిషి, నేను శుభ్రంగా లేనని ఏ నోటితో అంటాడు?

జమున చూసి చూసి ఒకనాడు అడిగేసింది. "బాపూ, ఆడివిల్ల అనా?"

మొగిలి పెరట్లోకి పోయి కాగు కింద బొగ్గులు ఎగదోశాడు. ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాడు. తండ్రి అలా వెళ్లిపోవడాన్ని జమున ఔననే అనుకుంది. ఆదివారం అల్లుడు వచ్చి తల్లీబిడ్డలను తీసుకుపోతాడు. ఈలోపు ఆ మాట తుడిచేయకపోతే అది కూతురితో పాటు మందమర్రికి ఎక్కిపోతుందని మొగిలికి తెలుసు.

పిల్లకు నీళ్లు పోయడానికి కాసిపేట నుంచి మొగిలి అక్క ఐలవ్వ వచ్చి ఉంది. పొద్దుటెండలో పీట వేసుకుని, కాళ్లు చాచి, కాళ్ల మీద పిల్లను బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. చెంబు అందియ్యమని తమ్ముణ్ని పిలిచింది. మొగిలి అప్పుడే స్నానం చేసి వచ్చాడు. రెండు వేళ్లతో చెంబు అంచు పట్టుకుని అంత దూరం నుంచి చాచాడు. ఐలవ్వ చెంబు వదిలేసి అతని మణికట్టు పట్టుకుంది.

"గిదేంది తమ్మీ, చెయ్యా, బీటలిచ్చిన చెలకనా?"

పట్టు విడవలేదు. అక్క పట్టు అది. మొగిలి గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. ఐలవ్వ నవ్వింది. ఆ నవ్వుకు కాళ్లు ఊగి పిల్ల కూడా ఊగింది.

"లీవు పెట్టినప్పటి సంది బాయిలకే దిగకపోతివి. గీ దుమ్ము యాడికెళ్లి వస్తున్నది?"

"పాతదక్కా. లోపల పట్టుకున్నది. మెల్లగ వస్తది."

ఐలవ్వ వాదించలేదు. పిల్లకు రాయగా గిన్నెలో మిగిలిన నూనె తమ్ముడి ఎడమ పిక్క మీద పోసి, ఇంకా తడి ఆరని ఆ చర్మానికి అరచేత్తో పట్టించింది. కుడి కాలును ముట్టుకోలేదు. "బొగ్గు టబ్బులు గుంజే హాలేజీ తాడు గ్రీజుల నీ స్టోన్ డస్టు పడితే ఏమైతదో నీకే ఎరుక. సూసుకుంట కూసో" అంది.

ఏమవుతుందో మొగిలికి బాగా తెలుసు. జిడ్డులో పడిన ఆ పొడి ముద్ద కడుతుంది, గారలా గట్టిపడుతుంది, గోకితే గాని రాదు. కాలు ఎండలో పెట్టుకుని ఆ ముద్ద కోసం ఎదురు చూశాడు. అన్నం తిని వచ్చి చూశాడు. ఎండ అవతలి క్వార్టరు గోడ ఎక్కిన తర్వాత చూశాడు. ముద్ద లేదు, గార లేదు. కుడి పిక్క ఎప్పటిలా సున్నం కొట్టిన గోడ. ఎడమ పిక్క మాత్రం వాన వెలిసిన నేలలా నల్లగా, నున్నగా, తనదిగా ఉంది. తన తోలునే దుమ్మనుకుని తాను ఇన్నాళ్లూ ఇంటి గచ్చులా తోమాడన్నమాట.

అయినా పూర్తిగా నమ్మలేదు. మర్నాడు సారవ్వ వెంటబెట్టుకుని దవాఖానకు నడిపించింది. మంథని నుంచి వచ్చి పనిచేస్తున్న డాక్టరు మనోజ్ఞ, నీళ్లు ఎంత వేడిగా పోసుకుంటావని అడిగింది. మొగిలి గర్వంగానే చెప్పాడు. సబ్బు పేరు చెప్పినప్పుడు ఆమె రాస్తున్న పెన్ను ఆపింది.

"దుమ్ము కాదు కాకా. తోలుకు ఉండే జిడ్డును మీరే దినాం కడిగేస్తున్నరు. చలిగాలి, వయసు, మరిగే నీళ్లు, బట్టల సబ్బు. అన్నీ కలిసి గుంజుకపోయినయి."

ఆమె చెప్పిందంతా తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సారవ్వ మళ్లీ మళ్లీ వల్లించింది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. స్నానం జల్దిగా ముగియాలి. ఘాటులేని సబ్బు, అదీ అవసరమైన చోటే. పీచు బోళ్లు తోమడానికే. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే నూనెగానీ వాసన లేని క్రీముగానీ పట్టించాలి. మడమల పగుళ్లకు పడుకునే ముందు వ్యాసిలిన్ రాసి సాక్సులు తొడగాలి. పగుళ్లలో నెత్తురు వచ్చినా, ఎర్రబడి చీము పట్టినా మళ్లీ రావాలి. షుగరు, థైరాయిడు ఉన్నా ఒళ్లు ఇలా ఎండుతుందని రక్తం కూడా తీసుకున్నారు.

మొగిలి అడగవలసినది మాత్రం ఒకటే. దవాఖానలోనే, లేచి గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి అడిగాడు. "ఇది పసిపిల్లలకు అంటుతదా మేడం?"

అంటదని ఆమె చెప్పింది. చేతుల గరుకు పిల్లకు గీరుకోకుండా మెత్తబరచుకుంటే చాలంది.

గోరువెచ్చటి నీళ్లతో మొదటి స్నానం చల్లారిన చాయ్ తాగినట్టుంది మొగిలికి. పొగ లేవకపోయేసరికి ఎల్లేశం గోడ మీంచి తొంగిచూసి, అన్నకు పానం బాగుందా అని సారవ్వను అడిగాడు. పొద్దస్తమానం మొగిలి చేతులకు నూనె రాసుకోవడం, సారవ్వ కొంగు మీద అరచేయి జారవిడిచి చూసుకోవడం. చేతి గరుకుకు కొంగు దారం పట్టుకుంటే మళ్లీ నూనె. నా చీరలన్నీ నూనె గుడ్డలైనయని ఆమె విసుక్కుంది. కొంగు మాత్రం లాక్కోలేదు.

ఆదివారం పొద్దున కూడా బొటనవేలి దగ్గర ఒక దారం పట్టుకుంది. సంచులు గుమ్మంలోకి వచ్చాయి. అల్లుడు ఆటో తెచ్చి బయట నిలబెట్టాడు. చేయి పూర్తిగా మెత్తబడే దాకా ఆగితే పిల్ల వెళ్లిపోతుంది. మొగిలి మొదటిసారి గుమ్మం దాటి కూతురి మంచం దగ్గరికి వచ్చాడు.

"నా ఒంటి మీద బాయి దుమ్మున్నదనుకున్న బిడ్డా. నీ బిడ్డ ఊపిరిల పడుతదని దూరమున్న. ఆడివిల్ల అని కాదు."

జమున తండ్రి చేతులకేసి చూసింది, నూనెతో మెరుస్తున్న పగుళ్లకేసి చూసింది. నవ్వబోయింది, నవ్వు కాస్తా కళ్లలోకి జారింది. పిల్లను ఎత్తి చాచింది.

"ఆగు బిడ్డా," అంది ఐలవ్వ మధ్యలోకి వచ్చి. "గంత నూనె పూసుకున్నడు, పిల్ల జారుతది. ముందుగాల కింద కూసో తమ్మీ."

మొగిలి గోడకు ఆనుకుని, బడిలో శిక్ష పడ్డ పిల్లవాడిలా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్ల బరువు ఒళ్లోకి దిగింది. అది బరువే కాదు, పొద్దుటెండ కాసింత మడతపెట్టి ఇచ్చినట్టుంది. అరచేయి ఆ చెంప కింద పెట్టాడు, ఊపిరి బిగబట్టి. పిల్ల ఉలిక్కిపడలేదు. ముక్కు నలిపి, నూనె వాసన పీల్చి, చెంపను ఆ చేతిలోకే ఇంకాస్త తోసి నిద్రపోయింది.

బయట అల్లుడు హారన్ కొట్టించాడు. మళ్లీ కొట్టించాడు.

"చాయ్ తాగి పోదురు గని రమ్మను," అన్నాడు మొగిలి తల ఎత్తకుండానే. "గంత జల్ది ఏమున్నది."