పన్నెండు సంచుల మట్టి

ల్యాబులో అందరూ ఆమెను చాదస్తమ్మ అంటారు. ముఖం మీద కాదులెండి, వెనకాల. గాజు గొట్టాన్ని ఒక్కసారి తుడిస్తే ఆమెకు తృప్తి ఉండదు, మూడుసార్లు తుడవాలి. పద్నాలుగేళ్ల సర్వీసులో ఒక్క నమూనా పాడుచేసి ఎరగదు. అందుకే చినుకన్నది ఎరగని ఎడారి నుంచి మట్టి తేవడానికి వెళ్తూ పెద్దసారు ఆమెనే వెంటబెట్టుకెళ్లారు. ఆ మట్టిలో ఏ చిన్న ప్రాణమైనా బతుకుతోందా అన్నది ఆయన ఆరేళ్ల వెతుకులాట.

బతుకుతోందట! రిపోర్టు వచ్చింది. పన్నెండు సంచుల మట్టిలోనూ ఒకే సూక్ష్మజీవి. "మనుషుల నోట్లో ఉండేదానికి దూరపు చుట్టమమ్మా ఇది! ఎడారిలో కాపురం పెట్టేసింది!" అని పెద్దసారు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు.

నోరు అనేసరికి ఎడారిలో తను సంచులు విప్పిన తీరు ఆమెకు గుర్తొచ్చింది. ఆ పొడిగాలికి ప్లాస్టిక్ సంచుల మూతులు అతుక్కుపోయి, ఎంత నలిపినా విడలేదు. ఈ ఉద్యోగానికి ముందు ఆమె బట్టల కొట్లో రోజంతా కవర్లు విప్పిన మనిషి. పాత అలవాటు ఊరుకుంటుందా? మాస్కు కిందికి లాక్కుని, గ్లౌజు వేలే నాలుకకు అద్దుకుని విప్పేసింది. పన్నెండింటినీ! చేస్తున్నానన్న ధ్యాసైనా లేదు అప్పుడు మహాతల్లికి. పోల్చి చూడటానికి మట్టి వేయకుండా ఉంచే ఖాళీ సంచి మాత్రం సులువుగా విడిపోయింది, పరీక్షలో అందులో ఏ జీవీ దొరకలేదు. దాన్ని చూసుకునే సారుకి అంత ధీమా.

ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. బస్సు డ్రైవరాయన. పగలబడి నవ్వాడు. "నీ ఉమ్మికి ఇంత పేరొస్తే మంచిదేగా! ఎవరు చూశారు గనక? నోర్మూసుకుని కూర్చో."

చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే వచ్చే వారం జరిగే శాస్త్రవేత్తల సభలో, నలుగురి ముందు, సారు ఈ అబద్ధాన్ని నిజమని చెప్పేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు తన నోట్లో దూదిపుల్ల తిప్పి, సీసాలో పెట్టుకుని సారు గదికి వెళ్లింది. నిలబడే అంతా చెప్పేసింది. "ఇది నా నోటిదండీ. మట్టిలో దొరికినదానితో పోల్చి చూడండి."

అరుస్తారనుకుంది. అరిచినా బాగుండును. ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. సీసా అందుకుని చెత్తబుట్టలో పడేశారు.

"నువ్వు నాకేం చెప్పలేదమ్మా," అన్నారు మెల్లిగా. "నేనేం వినలేదు."

ఇన్నేళ్లుగా దేవుడిలా చూసిన మనిషి! ఉద్యోగం పోతుందన్న భయం కాస్తా పోయి, ఈ మనిషంటేనే భయం పట్టుకుంది ఆమెకు. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"పారేస్తే పారేశారు లెండి సార్. మళ్లీ తీస్తాను," అంది. "ఈసారి పోల్చి చూడమని పక్క ల్యాబువాళ్లకిస్తాను."