కర్మ లేని క్రియ

కొత్త ఆల్బం వచ్చిన రోజు పొద్దున్నే ఛాయ్ కూడా తాగకుండా ఆరు పాటలూ వరసగా విన్నాను. అరవై దాటిన మనిషి ఒక పాటగాడి కోసం ఫోన్ ముందు కూర్చోవడం చూసి మా ఇంట్లో వాళ్లకు నవ్వు. నవ్వనీ. ఇరవై ఏళ్లుగా అతనికి అభిమానిని. దేవుడికీ బాబాకూ నాయకుడికీ దండం పెట్టని వాణ్ని, అతను గొంతెత్తితే మాత్రం నా చేతులు వాటంతట అవే చప్పట్లకు లేచేవి.

ఆ రోజు లేవలేదు.

మొదటిది ఎవరో నాయకుడి పుట్టినరోజు పాట. పేరు పెట్టకుండా పొగిడాడు, రేపు ఇంకొకరికి కూడా పనికొస్తుందని కాబోలు. రెండోది అమ్మవారి పాట. జ్వరానికి దవాఖానకు పొమ్మని, పూనకాల వెంట పోవద్దని మైకుల ముందు పాడిన గొంతు అది. ఇప్పుడు అదే గొంతు వేపమండలు పట్టుకుని ఊగుతోంది. మూడోది బావామరదళ్ల పాట. నాలుగోదీ అదే, మరదలి చీర రంగు మారింది అంతే. ఐదోది పత్తి ఏరే ఆడవాళ్ల వేళ్ల మీద కట్టిన పాట. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని పగిలిన వేళ్లతో రాత్రి పిండి పిసికితే ఎట్లా మండుతుందో పాడాడు. దరువు యంత్రానిదే, డప్పు ఎక్కడా లేదు, అయినా అది మంచి పాట. మంచి పాట కాబట్టే నాకు కోపం ఇంకా పెరిగింది. చేతగాక చెడగొట్టేవాడిని వదిలేయవచ్చు. ఇతనికి ఇంకా చేతనవును.

ఆరో పాట మొదలు కాగానే బాణీ గుర్తుపట్టాను. ఆ బాణీ పుట్టినప్పుడు పక్కన ఉన్నది నేనే.

అతన్ని మొదట విన్నది దేవరుప్పులలో, మా సభలోనే. మూఢనమ్మకాల మీద నేను గంటసేపు మాట్లాడాను, అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించాను. జనం ఆవులించారు. అప్పుడు నెల్లికుదురు దిక్కు నుంచి వచ్చిన ఒక బక్కపలచని మనిషి డప్పు అందుకుని నాలుగు చరణాలు పాడాడు. పోబోతున్న వాళ్లు ఆగిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లు నా ఉపన్యాసం, అతని పాట ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ఏ ఊరికి పోయినా అతను ముందు నోరు విప్పేవాడు కాదు. ఆడవాళ్లు బీడీలు చుట్టే చోట కూర్చుని వాళ్ల మాటలు వినేవాడు. మా కరపత్రాల వెనక తెల్లగా ఉన్న వైపు రాసుకునేవాడు. నా కరపత్రానికి అంతకన్నా మంచి ఉపయోగం ఎప్పుడూ దొరకలేదు.

అట్లా ఒకసారి భూపాలపల్లి జిల్లాలో, చిట్యాల దగ్గర ఒక ఊరికి పోయాం. అక్కడ ఒక ఒంటరి ఆడమనిషి మీద నింద పడింది. మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు, కూలి పని. పక్కింటి మేకలు చనిపోయాయి, ఇంకో ఇంటి కోడలికి మూర్ఛలు వచ్చాయి. ఊరంతా కలిసి ఒకే మాట అంది: "ఆమె చేసింది."

మా దిక్కు ఈ మాటకు వేరే అర్థం ఉంది. మంత్రం అనరు, చేతబడి అనరు. గొంతు తగ్గించి, 'చేసింది' అంటారు. వింటున్నవాళ్లకు అర్థమైపోతుంది. ఆ మాట పడ్డాక ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగరు.

ఆ ఊరి బస్ స్టాపులో కూర్చుని అతనితో అన్నాను: "వ్యాకరణం చూడు తమ్మీ. ఈ వాక్యంలో కర్త ఉంది, క్రియ ఉంది, కర్మ లేదు. ఏం చేసింది? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు."

అతను పకపకా నవ్వాడు. "మన ఊర్లల్ల అన్నిటికి కర్మ అంటరు గదన్నా. గీ మాటకే లేకపాయెనా!"

సాయంత్రానికి పాట సిద్ధమైంది. "ఏం జేసింది, అవ్వ ఏం జేసింది?" అని పల్లవి. నాట్లు జేసింది, కోతలు జేసింది, ఊరి కోడళ్లకు కానుపులు జేసింది, ముగ్గురు పిల్లల్ని మనుషుల్ని జేసింది. కర్మ లేని ఆ క్రియకు ప్రతి చరణంలోనూ ఒక కర్మ తెచ్చి కట్టాడు. వింటున్న ముసలమ్మలు ఇంకా ఏమేం చేసిందో అందించడం మొదలుపెట్టారు. ఒక మాటను దాన్ని పుట్టించిన వాళ్ల నోటితోనే విప్పించడం నేను జీవితంలో చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజు ఆమెను వేదిక మీద, అందరికీ కనిపించేట్టు ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. దాచుకోవాల్సినది ఏమీ లేదని చూపించాలని నా పట్టుదల. తర్వాత ఏ ఊళ్లో పాడినా "ఎవలామె?" అని అడిగేవాళ్లు. ఆ ఊరి పేరు, ఆమె వివరం గర్వంగా చెప్పేవాణ్ని.

రెండేళ్లకు ఆ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం వండి పెట్టే పని ఆమెకే ఇచ్చారు. నీళ్లు కూడా ముట్టనన్న ఊరు తన పిల్లల్ని పళ్లేలు పట్టుకుని ఆమె ముందు వరసగా నిలబెట్టింది. ఇంతకు మించిన తీర్పు ఏ కోర్టు ఇస్తుంది? అప్పటి నుంచి నా ప్రతి ఉపన్యాసం ఆ బడి దగ్గరే ముగిసేది.

ఇప్పుడు ఆల్బంలో ఆరో పాట అదే బాణీ. పల్లవి మాత్రం, "ఏదో జేసింది, పిల్ల ఏదో జేసింది." నిమ్మకాయ కోసి నిద్ర లేకుండా చేసిందట, బొమ్మ చేసి బుద్ధి లేకుండా చేసిందట. వీడియోలో పట్టుపరికిణీల పిల్లలు నిమ్మకాయలు పట్టుకుని గంతులేస్తారు. నడుమ ఒక ముసలామె జుట్టు విరబోసుకుని తల ఆడిస్తుంది. మూడు క్షణాలు, అదీ నవ్వించడానికి. 'ఏం' అన్న ప్రశ్న పోయింది, 'ఏదో' అన్న అనుమానం తిరిగి వచ్చింది.

రెండు వారాలకు ఆ ఊరి బడి హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. మా పాత సభలకు వచ్చినవాడే.

"సార్, గా కొత్త పాట విన్నరా? పిల్లలు లైన్ల నిలబడి పళ్లేల మీద దరువేసుకుంట పాడుతున్నరు. మొదలు నవ్వులాటనే అనుకున్న. మొన్న ఒక తల్లి ఇంటికాడికెల్లి అన్నం డబ్బా పంపింది. ఇయ్యాల సగం మందివి డబ్బాలే."

"ఆమె ఏమంటున్నది?"

"ఏమనది. వండుతది. మిగిలిన అన్నం దిక్కు చూసుకుంట కూసుంటది. గిట్లనే ఉంటే వంటకు వేరేటామెను పెట్టుమంటరు సార్."

మర్నాడే జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి మానుకోటకు పోయాను. స్టేషనుకు దగ్గరలో, ఒక బట్టల దుకాణం పైన రెండు గదుల్లో అతని స్టూడియో. నన్ను చూడగానే లేచి ఎదురొచ్చాడు.

"అన్నా! ఎన్నేండ్లాయె! రా, కూసో."

"ఆరో పాట తీసెయ్యి తమ్మీ."

"ఏందన్నా, రాంగనే? జర నీళ్లన్న తాగు."

"తీసెయ్యి."

"పబ్లిక్‌కు మస్తు ఎక్కిందన్నా గది. ఏ పెండ్లిల జూసినా గదే. పాట జనంల ఉండాలె అని నువ్వే అంటుంటివి గద?"

"'ఏం' తీసి 'ఏదో' పెట్టినవు."

"ఒక్క మాట అన్నా!"

"ఆ ఒక్క మాట కోసమే మనం ఊరూరూ తిరిగినం."

బడి సంగతి చెప్పాను. అతని మొహంలో నవ్వు పోయింది. వైర్లు సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"నా పాటల ఆమె పేరున్నదా అన్నా? ఊరి పేరున్నదా?"

"లేదు."

"మరి గది ఆమె మీద పాటనే అని జనానికెట్ల ఎరుక?"

చేతిలోని వైరు పక్కన పెట్టి నా దిక్కు చూశాడు.

"ఎనుకకు కూసుంట సారూ అన్నదామె. నాకు యాదికున్నది. నువ్వే చెయ్యి వట్టి ముంగట కుర్సీల కూసోవెట్టినవు. నేను పాటనే మార్చిన. ఆమె మొఖాన్ని ఊరూరికి ఎరుక జేసింది నువ్వు."

స్వాములకూ జోస్యులకూ పేరుమోసిన పండితులకూ వేదికల మీద బదులు చెప్పినవాణ్ని. ఆ మాట మాత్రం నిజం. ఆమెను విడిపించాలన్న తొందరలో ఆమెను ఒక ఉదాహరణ చేశాను. ఉదాహరణను అడగకుండానే వాడుకుంటాం. కానీ నా తప్పు బయటపడినంత మాత్రాన అతని తప్పు తెలియక చేసిందీ కాదు, చిన్నదీ కాదు. ఆ మాట వెనక ఏముందో రాష్ట్రంలో అందరికన్నా బాగా తెలిసిన పాటగాడు అతనే. తెలిసే మార్చాడు.

"తీసేసుడు నా చేతుల లేదన్నా. చానెల్ వాళ్లు ఊకోరు," అన్నాడు. తర్వాత ఉన్నట్టుండి హుషారయ్యాడు. "ఒక పని చేద్దాం. కెమెరా పట్టుకొని ఆమె కాడికి పోదాం. నేను ఆమె పక్కకు కూసొని పాత పాట పాడుత, ఆమె జర కండ్లనీళ్లు పెట్టుకుంటది. మస్తు పోతది అన్నా ఆ వీడియో!"

లేచి వచ్చేశాను. తిరుగు రైల్లో చెవుల్లో వైర్లు పెట్టుకుని పత్తి పాట మళ్లీ విన్నాను. ఎందుకు విన్నానో ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ వారంలోనే చిట్యాల బస్సెక్కాను. బడి వెనక రేకుల షెడ్డులో ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. జుట్టు సగం తెల్లబడింది.

"ఎండల వడి వచ్చినవా సారూ," అంది పీట జరుపుతూ.

నేను అనుకుని వచ్చినవన్నీ చెప్పాను. ఊళ్లో సభ పెడతామన్నాను, పోలీసులకు ఫిర్యాదు ఇస్తామన్నాను. ఆమె చేతులు ఆపకుండా వింది.

"పోలీసులొస్తే పిల్లలు తింటరా సారూ?"

"భయంతో తినగూడదు చెల్లె. తెలుసుకొని తినాలె."

"వాళ్లు తెలుసుకునేదాక అన్నం సల్లగైతది."

తర్వాత రేపటి సంగతి చెప్పింది. పెద్దమనుషులు ఒక్కటే అడిగారట. తడిబట్టలతో పోచమ్మ గుడి ముందు ప్రమాణం చేస్తే పిల్లలకు డబ్బాలు కట్టి పంపడం ఆపిస్తామన్నారట. ఆమె ఒప్పుకుంది.

నా ఒళ్లు మండింది. "వద్దు చెల్లె! నేను చేయలేదని ప్రమాణం చేసినవంటే, చేసేవాళ్లు లోకంలో ఉన్నరని నువ్వే ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్లు మనం కాదన్నది ఆ మాటనే కదా?"

"నువ్వు జెప్పేది నిజమే," అంది. "నీది ఎప్పటికి నిజమే ఉంటది సారూ. నాకు పిల్లలు తినాలె. గీ పొయ్యి కాడ ఉంటేనే నేను ఊర్లె మనిషిని. రేపు వస్తే రా. వచ్చి మాత్రం ఏం మాట్లాడకు."

పొద్దున్నే ఆమె నెత్తి మీద రెండు బిందెల చన్నీళ్లు పోశారు. చీర ఒంటికి అంటుకుపోయి, పళ్లు టకటక కొట్టుకుంటుండగా ఆమె వాడకట్టు మొత్తం నడిచింది. అరుగుల మీద నిలబడి ఫోన్లలో తీసుకుంటున్న వాళ్లలో కొందరిని తన చేతుల మీదుగా ఈ లోకంలోకి తెచ్చింది ఆమే. గుడి ముందు నిలబడి, "నేను ఎవలకేం జెయ్యలే" అంది.

"గట్టిగ అను, ఇనబడలే," అన్నాడు ఒక పెద్దమనిషి.

"నేను ఎవలకేం జెయ్యలే. నేను ఎన్నడేం జెయ్యలే."

మూడుసార్లు అనిపించారు. వాదంలో నేను నేర్చుకున్న మొదటి సూత్రం, ఎదుటివాడు తప్పు చెబుతున్నప్పుడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అని. గోడకు ఆనుకుని ఊరుకున్నాను. నోటి దాకా వచ్చిన ప్రతి వాక్యం సరైనదే. ఒక్కటి బయటపడినా ఆమె పోసుకున్న నీళ్లు వృథా అవుతాయి.

మధ్యాహ్నం బడిలో డబ్బాలు లేవు. ఆమె పొడి చీర కట్టుకుని, తల ఇంకా తడిగానే ఉండగా, గరిటె పట్టుకుని నిలబడింది. పిల్లలు ఆ పాటే పాడుకుంటూ, అదే దరువు వేసుకుంటూ వరసలో వచ్చారు. అన్నం, పప్పు పెట్టించుకుని వేపచెట్టు నీడలో కూర్చుని తిన్నారు. కొందరు రెండోసారి కూడా వచ్చారు. ఆమె అన్నం వండిన గంజు అడుగు గీరి మరీ పెట్టింది. నా దిక్కు ఒకసారి చూసింది. నేను సంతోషపడాలో లేదో తేల్చుకోలేకపోయాను. ఆ పాటను తేలిగ్గా మార్చేసినవాడు నన్ను ఇక్కడికి తెచ్చి నిలబెట్టాడు, ఒక తడిబట్టల ప్రమాణం పనిచేసినందుకు ఊపిరి పీల్చుకునే చోటికి.

హెడ్మాస్టరు బస్ స్టాపు దాకా వచ్చాడు. బస్సు కనిపించాక నా భుజం మీద చెయ్యి వేసి, మంచి మనసుతోనే అన్నాడు:

"మీరేం అనకపోవుడే మంచిగైంది సార్."