ఒకప్పుడది మూడో వీధి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పై అంతస్తులో అద్దెకుంటున్న తెలుగు అమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది. పెళ్ళై నాలుగేళ్ళు, మూడేళ్ళ బాబు, భర్తకు కాంట్రాక్టు ఉద్యోగం. బాబుకి ఆయాసం వస్తోందట, ఈ గాలి పడటం లేదట. “ఆంటీ, మీవాళ్ళది శ్రీకాకుళం సైడే కదా, సముందర్ పక్కన సస్తాగా, సేఫ్‌గా ఉండే ఊరేదైనా చెప్పండి, ఈయన జీతంలో సరిపోవాలి” అంటూ ఫోనులో ఒక్కొక్క ఊరి బొమ్మా జరుపుతూ చూపించింది. అన్నిట్లోనూ నీలం సముద్రం, దాని పక్కనే తెల్లటి ఇల్లు. ఇంకొకటి జరపబోతుంటే ఫోను ఆమె వైపే తోసేశాను. నాకేం తెలీదమ్మా, నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని అని చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను.

చెప్పింది అబద్ధం. నాకు తెలుసు. ఒకప్పుడు సరిగ్గా అదే వెతుకులాట మీద మేమూ ఈ ఊరు దాటి వెళ్ళాం. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ పూసగుచ్చినట్టు చెప్పలేదు. నా ఈడు వాళ్ళు, పొట్ట చేతపట్టుకుని ఉక్కు కొలుముల ఊళ్ళకు వచ్చిన వాళ్ళ పిల్లలు, చదివితే అర్థం చేసుకుంటారనే ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో మేము టాటానగర్‌లో మాంగో అనే పేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ఒక చిన్న తెలుగు బడిలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేదాన్ని. మా ఆయన పని ఊరి చివర ఒక చిన్న షెడ్డులో, పోత పోసిన ఇనుప సామానుకు అంటుకున్న ఇసుకను గీకి, రుద్ది, నునుపు చెయ్యడం. సాయంత్రం సైకిలు దిగేసరికి ఆయన కనురెప్పల మీద కూడా బూడిద రంగు పొడి ఉండేది. మొదట్లో దాన్ని చూసి మా అమ్మాయీ నేనూ నవ్వుకునేవాళ్ళం. తరవాత దగ్గు మొదలైంది, ఆ తరవాత మెట్లెక్కితే ఆయాసం, చివరికి పడుకుంటే ఊపిరాడక గోడకు దిండ్లు ఆనించి కూర్చునే నిద్రపోయే దశ వచ్చింది. వంటింట్లో ఉన్నా, బడిలో ఉన్నా నా చెవి ఆ పిల్లికూతల ఊపిరి మీదే ఉండేది. అది ఆగితే భయం, గట్టిగా వినిపిస్తే భయం.

మేము చూపించుకునే ముసలి డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, వెలుతురుకు పెట్టి చూసి, మందుచీటీ పక్కకు తోసేశారు. “ఇన్‌కో యహా సే లే జావ్, బేటీ” అన్నారు. ఇక్కణ్ణుంచి తీసుకుపొమ్మని. ధూళి లేని చోటికి, వీలైతే సముద్రపు గాలి తగిలే చోటికి. అలా తీసుకువెళ్ళడానికి మాకు ఊరంటూ ఏముంది? మా తాతల నాటి భూమి ఎప్పుడో పోయింది. మా ఆయన అక్క ఒక్కతే పలాస దగ్గర ఒక పల్లెలో ఉండేది. ఆవిడకు ఉత్తరం రాసి, బడి వేసవి సెలవులివ్వగానే ముగ్గురం టాటానగర్‌లో రైలెక్కాం. అమ్మాయికి అప్పుడు పదేళ్ళు. నాకు ముప్పై అయిదు దాటినా, అప్పటిదాకా సముద్రాన్ని చూడలేదు.

మా వదిన మమ్మల్ని వెంటబెట్టుకుని ఊళ్ళు తిప్పింది. ఒక ఊళ్ళో సముద్రం ఎంత అందంగా ఉందో, అద్దెలు అంత ఎత్తులో ఉన్నాయి, అవన్నీ షికారుకు వచ్చేవాళ్ళ కోసం. ఇంకొక ఊళ్ళో ఇల్లు దొరికింది గాని అయిదో తరగతి దాటితే బడి లేదు, ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. మూడోచోట మాత్రం అన్నీ కుదిరాయి. ఆ ఊరి పేరు రాయను, అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు. నడిచి వెళ్ళేంత దూరంలో హైస్కూలు, చిన్న ఆసుపత్రి, మా ఆయనకు ఐసు ఫ్యాక్టరీలో మోటారు చూసుకునే పని, రెండు గదుల పెంకుటిల్లు. అద్దె మేము అనుకున్నదానిలో సగం. ఇంటివాడు వేరే ఊళ్ళో ఉండేవాడు, బేరమాడకుండానే తాళంచెవి చేతిలో పెట్టాడు. అంత తేలిగ్గా ఎందుకు ఇచ్చాడని అనుమానించే తీరిక మాకు లేదు. బడిలో జీతం లేకుండా ఆరునెలలు సెలవడిగి, సామాను తెప్పించుకుని దిగిపోయాం.

పది రోజులు గడిచాయో లేదో, ఒక పొద్దున నేను లేచేసరికి ఆయన దిండు లేకుండా చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పరుగున దగ్గరికి వెళ్ళాను. వంగి చూస్తే హాయిగా, చప్పుడు లేకుండా ఊపిరి తీస్తున్నాడు. అలా పడుకోగా చూసి ఎన్నాళ్ళయిందో! ఆ రోజు ఆ ఊరికి, ఆ గాలికి, మొదటిసారి చూడగానే జంకిన ఆ సముద్రానికి కూడా మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

మా పక్కింట్లో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఒక ముసలమ్మ ఉండేది. ఒక మధ్యాహ్నం నేను తాగేనీళ్ళ గురించి మాట్లాడుతూ, ఈ వీధిలో మంచినీళ్ళ బావి ఒక్కటైనా లేదేమిటని అడిగాను. ఆవిడ పని ఆపకుండానే గడ్డంతో సముద్రం వైపు చూపించింది.

“అదిగో, నుయ్యి అక్కడున్నాది. సూడు.”

కెరటాలు విరిగే చోట సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి, మనిషి ఎత్తున, పొగగొట్టంలాగా నిలబడి ఉన్నాయి. అవేమిటో నాకు అన్నాళ్ళూ తెలీలేదు. చుట్టూ ఉన్న నేలంతా కొట్టుకుపోయి బావి ఒక్కటీ మిగిలిందన్నమాట.

“ఈ ఈదికి ముందర రెండు ఈదులుండేవమ్మా. మాది మూడో ఈది. ఇప్పుడు ఇదే మొదటిది” అంది. మరి మీరెందుకు ఇంకా ఉన్నారని అడిగాను. “ఎక్కడికెల్తాం తల్లీ? నీకైతే టాటా ఉన్నాది” అంది ఆవిడ, తప్పు పట్టినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

అద్దె సగమెందుకో అప్పుడు తెలిసింది.

ఆనాటి నుంచి భయం నన్ను ఎంతగా పట్టుకుందంటే, రోజూ అమ్మాయిని బడికి పంపగానే మా గడప నుంచి తడి ఇసుక దాకా అడుగులు వేసి లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు నూట నలభై, మరోరోజు నూట ముప్పై. ఆయనకు చెబితే, అది పోటుకీ ఆటుకీ తేడా, పిచ్చిదానా అని నవ్వేవాడు. “ఏటీ కాదే. ఇన్నేళ్ళున్నోళ్ళు ఉండట్లేదేటి?” అనేవాడు. నవ్వినా దగ్గు రావడం లేదు, అది చూసి నేను ఎదురు చెప్పలేకపోయేదాన్ని. ఇల్లు మారదామంటే వెనక వీధుల్లో అద్దె మా చేతికందేది కాదు. ఇంటిపని చేసుకుంటూ వీపు సముద్రం వైపు తిప్పినప్పుడల్లా, ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టుండేది.

దసరా వెళ్ళిన తరవాత వచ్చిన పౌర్ణమి అది. రెండు రోజులుగా ముసురు, బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియో చెబుతూనే ఉంది, అది వేరేవైపు పోతోందని కూడా చెప్పింది. అందుకే బడి పెట్టారు, ఆయన పనికి వెళ్ళాడు. పొద్దున పదిగంటలప్పుడు నేను పప్పు కడుగుతుంటే కాళ్ళకు చల్లగా తగిలింది. గిన్నె ఒలికిందేమో అనుకున్నాను. తిరిగి చూస్తే గడప మీదుగా నురగ లోపలికి వస్తోంది. తరవాతి కెరటం ముసలమ్మ చేపలు ఆరబెట్టే తడికలను ఎత్తి మా గోడకేసి కొట్టింది.

నాకు ఇల్లు గుర్తులేదు, సామాను గుర్తులేదు. బడి ఊరికి ఆ చివర, తీరం వెంబడి ఉన్న రోడ్డు మీద. పరుగెత్తాను. మధ్యలో కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్ళు వడిగా పారుతున్నాయి, ఎక్కడ రోడ్డో ఎక్కడ కాలవో తెలియడం లేదు. నేను దిగబోతుంటే వెనక నుంచి ఎవరో నా జబ్బ పట్టుకున్నారు. చూస్తే ముసలమ్మ. నా వెనకే పరుగెత్తుకొచ్చింది.

“ఓలమ్మ, ఆగు! సచ్చిపోతావు! నా సెయ్యట్టుకో, నానెక్కడ అడుగేత్తే అక్కడే ఎయ్యి.”

డెబ్బై ఏళ్ళ మనిషి, చీర ఎగ్గట్టి, పాదాలతో రోడ్డు అంచు తడుముకుంటూ నన్ను దాటించింది. బడికి చేరాం. గదుల తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, లోపల ఒక్క పిల్ల లేదు. వరండాలో నీళ్ళ మీద చిన్న చిన్న చెప్పులు తేలుతున్నాయి. వాటిలో మా అమ్మాయి ఎర్ర చెప్పు ఒక్కటి కనిపించింది. ఆ చెప్పు పట్టుకుని నేను పెట్టిన కేకలు నాకు వినిపించలేదు. గొంతు మంట పెట్టింది కాబట్టి అరిచాననుకుంటున్నాను.

ముసలమ్మే నన్ను లాక్కుంటూ బడి వెనక దిబ్బ మీదున్న తుపాను షెల్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నీళ్ళు రోడ్డు ఎక్కక ముందే మేష్టర్లు పిల్లలందరినీ పైకి ఎక్కించేశారు. పైన పిల్లలు వరసగా కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. మా అమ్మాయి నన్ను చూసి లేచి, “అమ్మా, పైనుంచి సముద్రం ఎంత బాగుందో చూడు!” అంది. నేను దాని చెంప మీద ఒక్కటిచ్చాను. వెంటనే గుండెకు హత్తుకుని కూలబడ్డాను. బిడ్డ బతికుందన్న సంతోషంలో చెయ్యి చేసుకున్న తల్లిని నేనొక్కదాన్నే కాదనుకుంటాను, కానీ ఆ దెబ్బ గుర్తుకొస్తే ఇప్పటికీ నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది.

సాయంత్రానికి నీళ్ళు వెనక్కి పోయాయి. ఇల్లు నిలిచింది, గచ్చు మీద జానెడు ఇసుక. నేను ఇసుక ఎత్తలేదు, బట్టలు మూటగట్టడం మొదలుపెట్టాను. ఆయన పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నువ్వూ మన గుంటా ఎల్లిపోండి. నాను రాను” అన్నాడు. “అక్కడ నాకు ఊపిరాడదు, ఇక్కడ నీకు ఊపిరాడదు. ఏటి సేత్తాం?”

కోపం లేదు ఆ గొంతులో.  బడి ఉద్యోగం పోతుంది, ఆయన ఒక్క జీతంతో ముగ్గురం బతకలేం అని నేను చెప్పిన మాటలన్నీ నిజమే. కానీ అవి సాకులు. మా వదిన వాళ్ళ పల్లెలో ఒక గది చూసుకుని, తీరానికి రెండు మైళ్ళ దూరంలో, కలో గంజో తాగి ఉండగలిగేవాళ్ళమేమో. నేను ఆలోచించనైనా లేదు. నా భయానికి రెండు మైళ్ళు చాలలేదు, దానికి ఒక రాత్రంతా రైలు ప్రయాణమంత దూరం కావలసివచ్చింది.

ఆయన ఐసు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన గదిలోకి మారాడు, అది మెరక మీద ఉండేది. నేనూ అమ్మాయీ మాంగోకి తిరిగొచ్చాం. ఆరేళ్ళు అలా గడిచాయి. ప్రతి ఆదివారం ఫోను బూత్ దగ్గర వరసలో నిలబడి మాట్లాడేవాళ్ళం. దసరా పూజ సెలవులకు ఆయన వచ్చేవాడు, మూడోరోజుకల్లా దగ్గు మొదలయ్యేది, వారం తిరగకుండా మేమే రైలెక్కించేవాళ్ళం. సముద్రానికి అంత దూరం వచ్చినా నా భయం తగ్గలేదు, చిరునామా మార్చుకుందంతే. హిందీ వార్తల్లో “బంగాల్ కీ ఖాడీ”, అంటే బంగాళాఖాతం, అన్న మాట చెవిన పడితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. ఇక్కడ వీధిలో ఎండ కాస్తుండేది, నేను మాత్రం అక్కడి వానలో తడిసిపోతుండేదాన్ని. ఒకసారి రెండు రోజులు లైను కలవలేదు. ఆ రెండు రోజుల్లో నేను విధవనైపోయి, మళ్ళీ ముత్తయిదువనయ్యాను.

మూడో ఏడు ఆయనే ఫోనులో చెప్పాడు, మనమున్న ఇల్లు పోయిందే అని. ఆ వరసంతా పోయిందట. పగటిపూట కావడంతో ప్రాణాలు దక్కాయి, ముసలమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోను పెట్టేశాక నాకు మొదట కలిగింది బాధ కాదు, నేను చెప్పలేదూ అన్న గర్వం లాంటిది. బూత్ బయట నిలబడి దానికి సిగ్గుపడ్డాను.

ఆరో ఏడు వానాకాలంలో ఆయన పోయాడు. సముద్రం తీసుకోలేదు, ఊపిరితిత్తులూ కాదు. నాలుగు రోజుల జ్వరం. కబురు అంది, రైలు దిగి మేము చేరేసరికి అంతా మా కోసమే ఆగి ఉన్నారు. ముసలమ్మ కూడా ఉంది, జ్వరమని తెలిసి కూతురి దగ్గర నుంచి ముందే వచ్చిందట. నా పక్కన కూర్చుని, ఆయన పోయే ముందు ఏమీ అవస్థ పడలేదని, మందులిచ్చి పడుకోబెడితే పసివాడిలా పడుకున్నాడని చెప్పింది. అస్థికలు ఆ నీళ్ళలోనే కలిపాం. అప్పుడు మాత్రం మోకాళ్ళ దాకా దిగాను, అమ్మాయి నా నడుం పట్టుకుంది.

ఇప్పుడు రోజులు మారాయి. తుపాను పుట్టక ముందే దాని దారి టీవీలో గీసి చూపిస్తున్నారు. తీరంలో ఉన్నవాళ్ళను ముందురోజే బస్సులెక్కిస్తున్నారు. మా రోజుల్లోలాగా రేడియో మాట నమ్మి పొయ్యి మీద పప్పు పెట్టుకునే అవసరం ఎవరికీ లేదు. నేను పాఠం చెప్పిన బడిలో తెలుగు చదివే పిల్లలే లేరు. అమ్మాయికి ఏ కోశానా భయం లేదు, ఏటా పిల్లల్ని తీసుకుని ఏదో ఒక సముద్రానికి వెళ్తుంది, అక్కడి నుంచి ఫోనులో కెరటాలు చూపిస్తుంది. కొంచెం వెనక్కి రండర్రా అని నేనిక్కడ టాటానగర్‌లోనే సోనారి పేటలో మంచం మీద కూర్చుని కేకలు పెడతాను. “కుఛ్ నహీ హోగా, నానీ” అని మనవలు నవ్వుతారు. ఏమీ కాదట. నిజమే, వాళ్ళకేమీ కాలేదు. ఆ ఊళ్ళో ఉండిపోయిన ఆయనకూ సముద్రం వల్ల ఏమీ కాలేదు. ఇల్లు పోతుందని నేను భయపడ్డాను, ఇల్లు పోయింది. నా భయం తప్పు కాదు. కానీ ఆ ఇల్లు మాది కాదు, సగం అద్దెకు తీసుకున్నది. మావి ఆ ఆరేళ్ళు, అవీ పోయాయి.