ఏడాది పాటు కొండ ఎక్కకూడదట

అచ్చమ్మక్క పోయిందన్న కబురు నాకు నేను పనిచేసే ఉమ్‌కోమాస్ ఊళ్ళో, మిల్లు డ్యూటీలో ఉండగా తెలిసింది. ఆమె కూతురు సరోజ ఫోన్ చేసి, అమ్మ పోయిందన్నా, అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. కిందటి ఆదివారమే ఆస్పత్రి మంచం మీద కూర్చుని, జూలై కొండ ప్రయాణానికి బూట్లకు మైనం పట్టించావా లేదా అని నన్ను నిలదీసిన మనిషి! ఆ గొంతు ఇక వినపడదంటే నా మనసు ఈ రోజుకీ ఒప్పుకోవడం లేదు.

భారతీయుల పేట ఫీనిక్స్‌లోని ఆమె ఇంటికి చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. లోపల ఏడుపులు, బయట తీర్పులు. మంచుకొండల్లో తిరిగి తిరిగి ఛాతీ పాడుచేసుకుందని ఒకరు, ఆ వయసులో ఆడమనిషికి అదేం పిచ్చని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను, పాఠకులు మన్నించనక్కరలేదు. అచ్చమ్మ నాయుడు గారిని పొట్టన పెట్టుకున్నది మంచు కాదు. బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని పడుచుతనం నుంచీ పీల్చిన నూలు దుమ్ము ఆమె ఊపిరితిత్తులను తినేసింది. ఆ మాట డాక్టరే సరోజకు విడమరిచి చెప్పాడు. ఆమె గుండెనిండా గాలి పీల్చుకున్న చోటంటూ ఉంటే అది డ్రాకెన్స్‌బర్గ్ పర్వతశ్రేణి ఒక్కటే.

విశాఖ జిల్లా నుంచి చెరకు తోటల కూలీగా ఓడెక్కి వచ్చిన తాతకు మనవరాలు ఆమె. పొట్టి మనిషి, ముక్కున పుడక, నుదుట రూపాయంత బొట్టు. ఆ దేహంలో అంతటి అకుంఠిత దీక్ష ఎక్కడ ఇమిడిందో విధాతకే తెలియాలి. ప్రతి శీతాకాలం, అంటే ఇక్కడ జూలైలో, ఫీనిక్స్ యువతనూ, నాలాగా ఆంధ్ర నుంచి కొత్తగా దిగినవాళ్ళనూ పోగుచేసి ఒకే శిఖరానికి తీసుకెళ్ళేది. ఎండాకాలంలో సులువు కదా అంటే వినేది కాదు. "సలికాలంలోనే మమ్మల్ని ఎనక్కి పంపారు, సలికాలంలోనే ఎక్కాల" అనేది. ఆ మాట వెనక కథ నాకు తర్వాత తెలిసింది.

తెల్లవాళ్ళ పాలన పోయి అందరికీ ఓటొచ్చిన ఎన్నికలైన మరుసటి ఏడు నేను రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చాను. గుడి భజనలో పరిచయమైన వారానికే ఆమె నన్ను కొండకు రమ్మంది. ముందు సంచీ సర్దుకుని తన గ్యారేజీకి తెచ్చి చూపించాలట. తెచ్చాను. సిమెంటు నేల మీద దుప్పటి పరిచి, సంచీ బోర్లించి, నా జీన్సు ప్యాంట్లూ మా అమ్మ ఇచ్చిన నూలు శాలువా ఒక్కొక్కటే ఎత్తి చూసింది. "ఏటి తమ్ముడూ, పెళ్ళికెళ్తన్నావా?" అంది. అక్కడున్న పిల్లలంతా ఒకటే నవ్వు. నూలు తడిస్తే ఆరదనీ, ఒంటి వేడిని లాగేస్తుందనీ, ఉన్ని తడిసినా కాపాడుతుందనీ చెప్పింది. నూలు సంగతి తనకు తెలిసినట్టు ఈ దేశంలో ఎవరికీ తెలియదని కూడా అంది. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడైతే నవ్వను.

ఆమె శిక్షణంతా అలాగే ఉండేది. నీళ్ళ సీసాను తలకిందులుగా పెట్టమనేది, నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. పొడి మేజోళ్ళు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పడుకునేటప్పుడు తప్ప తీయనిచ్చేది కాదు. శనివారం ఉపవాసమన్నవాళ్ళకు దగ్గర కూర్చుని పులిహోర ముద్దలు తినిపించేది. ఇంటి దగ్గర ఏ పూజా తప్పని ఆ భక్తురాలు కొండ మీద మాత్రం ఆకలితో ఉన్నవాణ్ణి అడుగు కదలనిచ్చేది కాదు.

ఆ మొదటి ప్రయాణంలోనే, సాయంత్రం గుడారం ముందు స్టవ్ మీద టీ మరుగుతుంటే, ఆమె పాత కథ చెప్పింది. పెళ్ళయిన కొత్తలో భర్త అప్పన్నతో ఈ కొండకే వచ్చిందట. గేటు దగ్గరి తెల్లవాడు, ఇది తెల్లవాళ్ళ పార్కు, మీవాళ్ళకు లోపలికి రావడానికి లేదన్నాడు. తిరిగి వెళ్ళడానికి పొద్దు చాలక ఇద్దరూ పాత బక్కీ వ్యాను వెనక తొట్టిలో, ఒకే కంబళి కింద వణుకుతూ తెల్లవార్చారు. గేటు తెరిచే రోజు వస్తుంది, అప్పుడు పైదాకా పోదాం, అన్నాడట అప్పన్న. ఆ రోజు వచ్చింది. కానీ దానికి కొన్ని నెలల ముందే ఆయన గుండెపోటుతో పోయాడు.

ఆమె మామగారి తమ్ముడు సింహాద్రి గారు అప్పుడు అడ్డుపడ్డారు. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు కొండ ఎక్కకూడదు, మైల అన్నారు. మన వైపు ఆ ఆచారం దేవుడున్న కొండకు. సముద్రం దాటి ఇక్కడికొచ్చేసరికి దేవుడు ఎక్కడో జారిపోయి కొండ మాత్రం మిగిలింది, అన్ని కొండలకూ అదే ఆంక్ష. అచ్చమ్మక్క ఏమందో ఆమె మాటల్లోనే రాస్తాను: "మావా, గేటుకాడ తెల్లోడు ఎక్కొద్దన్నాడు. ఇప్పుడాడు లేచి పోయాడు. ఆడి కుర్సీలో నువ్ కూకున్నావేటి?"

ఆ చలికాలమే సరోజను వెంటబెట్టుకుని, అప్పన్న ఉన్ని టోపీ తలకు పెట్టుకుని ఆమె శిఖరం ఎక్కింది. పైకెళ్ళాక ఏడ్చావా అక్కా, అని అడిగాను. ఏడవలేదంది. "గేటు కోసం ఎతికాను తమ్ముడూ. అక్కణ్ణుంచి అగపడదు."

ఇంతటి మొండిమనిషి, ఆ కథ చెప్పిన మరుసటి రోజు శిఖరం కళ్ళెదుట కనిపిస్తుండగా మమ్మల్ని వెనక్కి తిప్పింది. నిట్టనిలువు కొండచీలికలో, గడ్డకట్టిన మంచు మీద ఒక్కో అడుగూ బూటు మొనతో తన్ని నిలబెట్టుకుంటూ ఎక్కుతున్నాం. పడమట మబ్బు దిగింది, గాలి తిరిగింది. ఇంకాస్తే కదా అని నేను వాదించాను, చిన్నపిల్లాడిలా కోప్పడ్డాను కూడా. ఆమె గొంతు పెంచలేదు. "మనిసి ఆపితే నాను ఆగను తమ్ముడూ. మంచు ఆపితే ఆగుతాను" అని కిందికి నడిచింది. మేము గుడారాలు చేరకముందే ఆ చీలిక మొత్తం తెల్లగా కనుమరుగైంది. మరుసటి ఏడు అదే దారిన ఎక్కి శిఖరం మీద పులిహోర తిన్నాం.

మొన్న పదకొండో రోజు కర్మ ముగిశాక, వృద్ధులైన సింహాద్రి గారు మళ్ళీ ఆ మాటే ఎత్తారు. ఏడాది పాటు సరోజ కొండ ఎక్కకూడదు, ఈ జూలై ప్రయాణం మానుకోవాలి అన్నారు. పెద్దలంతా తలూపారు. నాకు నోటిదాకా వచ్చింది, కానీ అది నేను అనవలసిన మాట కాదు. సరోజ బ్యాంకులో పనిచేస్తుంది, రోజంతా ఇంగ్లీషే. తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. ఆమె లేచి తాత పాదాలకు దణ్ణం పెట్టింది. అమ్మ మాటలనే కూడబలుక్కుని నెమ్మదిగా అంది.

"తాతా, మంచు సెప్తే ఆగుతాను."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. తర్వాత, అప్పన్న టోపీ జాగర్త, అన్నారు.

అచ్చమ్మక్కా, నీవంటి మార్గదర్శి మాకు మళ్ళీ దొరకదు. ఆ లోటు తీరుతుందని ఎవరైనా ఓదారిస్తే వినే ఓపిక నాకు లేదు. నీకు అంజలి ఘటించవలసింది ఈ కాగితం మీద కాదు. జూలైలో వెళ్తున్నాం, ముందు నడిచేది సరోజ. రాదలచినవారు సంచీ సర్దుకుని శనివారం ఫీనిక్స్ గ్యారేజీకి రండి. నూలు బట్టలు మాత్రం ఇంట్లో వదిలి రండి.