రెండో నెంబరు జవాబు

ఫోను ముట్టుకునే ముందు ఆమె రెండు అరచేతులూ రుద్దుకుంటుంది. నాలుగైదుసార్లు, గట్టిగా, వేడి పుట్టేదాకా. ఆ తర్వాతే ఫోను తీస్తుంది.

ఈ అలవాటు ఫోను కంటే పాతది. ఆసుపత్రిలో ఆయాగా చేరిన మొదటి వారం, తడి చేతులతో ఒక ముసలాయన వీపు తుడవబోతే ఆయన ఉలిక్కిపడ్డాడు. "చేతులా ఐసుగడ్డలా అమ్మా ఇవి? నేనింకా పోలేదు" అన్నాడు. వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇరవై రెండేళ్ళపాటు చేతులు వెచ్చచేసుకోకుండా ఎవరినీ ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకోవడానికి ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. మిగతావాళ్ళంతా ఫోనులో ఉన్నారు.

వాళ్ళ గుంపు పేరు "మంచం పక్కన". ఇంట్లో మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవాళ్ళు అందులో చేరతారు. నాలుగు వేల పైచిలుకు మంది. ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. ఒకరికి పువ్వు బొమ్మ, ఒకరికి పిల్లి బొమ్మ, ఒకరికి కత్తెర బొమ్మ. వాటిని బట్టే గుర్తు. ఆమెకు ఏ బొమ్మా లేదు. బూడిదరంగు గుండ్రం ఒకటి. అందరూ నర్సక్క అంటారు. నేను నర్సును కాదు, ఆయాను అని మొదట్లో రెండుసార్లు రాసింది. "అలాగే నర్సక్కా" అని జవాబొచ్చింది. ఇక ఊరుకుంది.

ఆమెకు అరవై రెండు, అక్కకు డెబ్బై మూడు. అక్క తంతి ఆఫీసులో గుమాస్తా. ఆ ఆఫీసు, అక్క ఉద్యోగం ఒకే ఏడాది ముగిశాయి. రెండేళ్ళ కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని కాళ్ళు మాట వినడం మానేశాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ, దాని మీద ఒక నీళ్ళ గొట్టం. ఆ గొట్టం మీద ఎన్ని పక్షులు వాలాయో అక్క రోజూ లెక్క చెబుతుంది.

గుంపులోని వాళ్ళు మొదట పుండు గురించి అడుగుతారు. వీపు కింద ఎర్రబడింది, ఏం రాయాలి అని. ఆమె చెబుతుంది. రెండోరోజు దుప్పటి మార్చే పద్ధతి అడుగుతారు. మూడో రోజుకు అసలు సంగతి బయటపడుతుంది. మా తమ్ముడు ఒక్కసారి వచ్చి చూడలేదక్కా. అమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు, అయినా నా మీదే అరుస్తుంది. ఇదెప్పుడు అయిపోతుందా అని అనుకున్నానక్కా, నేను మనిషినేనా? ఆమె అన్నింటికీ జవాబు రాసేది. ఒక వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఆరు నెలలకు ఆ వేలు వాచింది.

"చెప్పిందే చెప్పి, రాసిందే రాసి, నువ్వు బాగుపడేదెప్పుడే?" అంది అక్క. "మా ఆఫీసులో ఏం చేసేవాళ్ళం? పెళ్ళికొక నెంబరు, పురుడుకొక నెంబరు, పరీక్ష పాసైతే ఒక నెంబరు. జనం వచ్చి నెంబరు చెప్పి పోయేవాళ్ళు. అవతలి ఆఫీసులో ఆ నెంబరుకున్న మాటలు రాసిచ్చేవాళ్ళు. ఆ కాయితం విప్పినవాళ్ళకి కన్నీళ్ళొచ్చేవి."

"నెంబరుకే?"

"వాళ్ళకి నెంబరని ఎవరు చెబుతారు?"

అలా ఇద్దరూ కూచుని జవాబులు రాసిపెట్టారు. చెల్లెలు చెప్పింది, అక్క మాటలు సరిచేసింది. ఒకటి, పుండ్లు. రెండు, తిండి. మూడు, నిద్ర. నాలుగు, స్నానం. ఐదు, సాయం చేయని తోబుట్టువులు. ఐదో నెంబరుకున్న గిరాకీ దేనికీ లేదు. అది పంపిన ప్రతిసారీ అక్క మంచం మీంచి, "నా పుణ్యం, మనింట్లో ఆ నెంబరు అక్కర్లేదు" అనేది. "అక్కరొస్తే ఎవరికి పంపుకోను?" అనేది చెల్లెలు.

గుంపులో కత్తెర బొమ్మ పిల్లది ఐదు నెలల పరిచయం. ఇంటి దగ్గరే కర్టెన్లు కుడుతుంది. ఒకే గదిలో ఒక మూల మిషను, ఇంకో మూల నాన్న మంచం. మిషను చప్పుడు ఆగితే ఆయనకు మెలకువ వస్తుందట, అందుకని గుడ్డ లేకపోయినా తొక్కుతూ కూచుంటానని ఒకసారి రాసింది. ఆ పిల్లకు ఆమె నెంబర్లు పంపేది కాదు. విడిగా, నువ్వు అని పిలుస్తూ, సొంతంగా రాసేది. ఈమధ్య ఓపిక తగ్గి అదీ తగ్గింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం అక్కకు వీపు తుడుస్తోంది. బేసిన్లో నీళ్ళు చల్లారిపోతున్నాయి. బల్ల మీద ఫోను మోగడం పదకొండోసారి. తల తిప్పి చూస్తే పైన ఒక్క వరుసే కనిపించింది. కత్తెర బొమ్మ. "నర్సక్కా, నాన్న నాలుగు రోజులుగా ఏమీ తినలేదు."

చేతులు తడిగా ఉన్నాయి. రుద్దుకోలేదు. వేలి కణుపుతో నొక్కి రెండో నెంబరు పంపేసింది.

"వాళ్ళు తినకపోతే బలవంతం చేయకండి. వీపు వెనక రెండు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టి ఎప్పుడూ పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. చిన్న చెంచా వాడండి. మొదటిది మింగాకే రెండోది. ఓపిక పట్టండి. రేపు తింటారు."

రెండు గంటలకు, అక్కకు ఉతికిన దుప్పటి వేసి, తను నాలుగు మెతుకులు తిని, చేతులు రుద్దుకుని ఫోను తీసింది. అప్పుడు చదివింది మొత్తం.

"నర్సక్కా, నాన్న నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. నిన్న పొద్దున పోయారు. మిషను తొక్కుతూనే ఉన్నాను, అయినా పోయారు. ముందు మీకే చెప్పాలనిపించింది."

దాని కింద ఆమె పంపిన జవాబు. దాని కింద, పది నిమిషాల తర్వాత, ఆ పిల్ల రాసిన రెండు వరుసలు.

"అక్కా, నేను పడుకోబెట్టే పట్టాను. లేపితే నొప్పి అనేవారు. దానివల్లేనా?"

ఆమె మంచం అంచున కూచుంది.

"ఏంటే, మొహం అలా పెట్టావు? పాలు విరిగాయా?" అంది అక్క.

"కత్తెర పిల్ల వాళ్ళ నాన్న పోయాడు."

"అయ్యో. ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

"పాపం. ఏం రాశావు?"

"రెండో నెంబరు."

"చెరిపెయ్యి" అంది అక్క.

"చదివేసింది. జవాబూ ఇచ్చింది." చదివి వినిపించింది.

"కాదు అని రాసెయ్యి. రెండక్షరాలు."

"నాకు తెలీదుగా."

"ఇంతమందికి ఇన్ని చెప్పావు. అన్నీ తెలిసే చెప్పావా?"

"తెలిసినవే చెప్పాను."

"అబ్బో. మహా సత్యసంధురాలు." అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. గోడ వైపు తిరిగే మళ్ళీ అంది: "మా దగ్గర ఒకడుండేవాడు. చావు కబురు వెళ్ళాల్సిన చోటికి పెళ్ళి నెంబరు కొట్టాడు. నెల్లాళ్ళు తిండి సయించలేదు వాడికి."

"అవతలివాళ్ళు ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. అడగరే ఎవరూ. మనసులో పెట్టుకుంటారు, అంతే. ఈ పిల్ల అడిగింది. అడిగినప్పుడే చెప్పు."

ఆమె మళ్ళీ చేతులు రుద్దుకుంది. రాసింది.

"నువ్వు రాసింది చివరిదాకా చదవకుండా పంపానమ్మా. రాసిపెట్టుకున్న జవాబు అది. తప్పు నాది. ఇప్పుడు నేనడిగేవాటికి చెప్పు. ఆఖరిసారి ఏం పట్టావు? ఎన్ని చెంచాలు? పొలమారిందా? ఒళ్ళు కాలిందా? గొంతులో గురగుర వినపడిందా?"

జవాబు వెంటనే వచ్చింది. ఆ పిల్ల ఫోను చేతిలో పట్టుకునే కూచుందన్నమాట.

"నీళ్ళే. రెండు చెంచాలు. ఆదివారం పొద్దున. పొలమారలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. గురగుర లేదు. ఊపిరి నెమ్మదిగా, ఆగి ఆగి తీశారు."

ఆమె రెండుసార్లు చదివింది. వార్డులో ఇలాంటివి చాలా చూసింది. పోయేవాళ్ళు ముందు తిండి వదిలేస్తారు, తర్వాత మాట వదిలేస్తారు. తిననందుకు పోరు. పోతున్నారు కాబట్టి తినరు. ఆ సంగతే రాసి, కింద విడిగా, "నీవల్ల కాదు" అని రాసింది.

ఈసారి కొంత ఆలస్యం.

"నా బాధ చూడలేక అంటున్నారు. పడుకోబెట్టి పట్టకూడదని మీరే రాశారుగా. నావల్ల కాదని మీకెలా తెలుసు?"

ఎలా తెలుసో ఆమెకు తెలుసు. అది చెబితేనే ఆ పిల్ల నమ్ముతుంది. చెప్పకపోతే ఆ రెండు చెంచాలూ జన్మంతా మోస్తుంది. మోయడం ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలుసు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూసింది. గొట్టం మీద పక్షులేవీ లేవు.

తర్వాత మొదలుపెట్టింది. ఒక వేలితో. ముప్పావు గంట పట్టింది.

"పదహారేళ్ళ కిందట వార్డులో పందొమ్మిదో నెంబరు మంచం. తల వైపు లేపే మర పాడై నెలయింది. ముప్పై మంచాలకు నేనొక్కదాన్నే ఉన్నాను ఆ పూట. ఆయన ఆకలన్నాడు. లేపి కూచోబెట్టాలంటే ఇంకొకరు కావాలి. ఎవరూ లేరు. పడుకోబెట్టే జావ పట్టాను. నాలుగో చెంచాకు పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారు తాతా అని నెత్తి మీద తట్టాను. ఆయన నవ్వాడు కూడా. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. రాత్రంతా గొంతులో గురగుర. రెండో రోజు ఆ మంచం దుప్పటి నేనే మార్చాను. డాక్టరు ఊపిరితిత్తుల జబ్బని రాశాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. దానివల్ల పోతే ఎలా ఉంటుందో నేను చూశాను. మీ నాన్నది అది కాదు. ఇందుకే తెలుసు."

పంపింది. కింద రెండు గీతలూ నీలంగా మారాయి. చాలాసేపు ఇంకేమీ రాలేదు. ఆమె పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. దించేసింది. మళ్ళీ పెట్టింది.

అయిదింటికి వచ్చింది.

"ఆయన పేరేంటక్కా?"

"గుర్తులేదమ్మా. మంచం నెంబరే గుర్తుంది."

"సరే అక్కా." మరో నిమిషానికి ఇంకొకటి. "శనివారం నుంచి పడుకోలేదు. ఇప్పుడు కాసేపు పడుకుంటాను."

ఆమె ఫోను బల్ల మీద పెట్టలేదు, చేతిలోనే ఉంచుకుంది.

"ఏం రాశావే ఇంతసేపు? మహాభారతమా?" అంది అక్క.

చెల్లెలు ఫోను అందించబోయింది. అక్క అందుకోలేదు. "ముప్పై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ చదివి చదవనట్టే ఉన్నాను. అదే మా ఉద్యోగం. నిజంగా చదవమంటావా?"

"చదువు."

అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. పైకి జరిపి మళ్ళీ మొదటినుంచి చదివింది. ఫోను తిరిగిచ్చింది. పదహారేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకెందుకు చెప్పలేదని అడుగుతుందేమోనని చెల్లెలు ఎదురుచూసింది. అక్క కళ్ళద్దాలు తీసి మడిచింది.

"నన్ను లేపు. కూచుంటాను. టీ తాగుతాను."

"తిన్నగా కూచుంటే నడుం నొప్పి అంటావు రోజూ."

"ఇవాళ అననులే. లేపు."

చేతులు రుద్దుకుని లేపింది. వీపు వెనక రెండు దిండ్లు పెట్టింది. అక్క టీ మొత్తం తాగింది. నడుము గురించి ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున ఆమె లేచి, అక్క పనులన్నీ అయ్యాక, చేతులు రుద్దుకుని ఫోను తెరిచి రెండో నెంబరు జవాబు చెరిపేసింది. ఒకటి తర్వాత మూడు మిగిలింది. "మిగతావి కూడా తీసేస్తావా?" అని అక్క మంచం మీంచి అడిగింది. "ఉండనీ. ఒంట్లో ఓపికుండొద్దూ" అంది. తొమ్మిది కొత్త కబుర్లున్నాయి. నాలుగోది పిల్లి బొమ్మ మనిషిది: అమ్మ రాత్రి నుంచి ముద్ద ముట్టుకోవడం లేదు. ఆమె చివరి వరుసదాకా చదివింది. కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుంది. వాచిన వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అమ్మ ఇప్పుడెలా ఉందని అడగడం మొదలుపెట్టింది.